సలహాకు అనుభవం నేర్పిన అణకువ: గాంధీజీ ఆరోగ్య రచనలు

ఇతరులకు మంచి చెప్పే తీరు ఒకే విధంగా ఉండదని సంస్కృత ఆలంకారికులు, అంటే కావ్య స్వభావాన్ని శాస్త్రంగా విచారించిన పండితులు, ఏనాడో గుర్తించి దాన్ని మూడుగా విభజించారు. కారణం చెప్పకుండా రాజాజ్ఞలా శాసించే మాట ప్రభుసమ్మితం. మంచిచెడ్డలు రెండూ ఎదుట పెట్టి నిర్ణయాన్ని వినేవారికే విడిచిపెట్టే స్నేహితుడి మాట మిత్రసమ్మితం. ప్రేమతో మనసును మెత్తబరచి దారికి తెచ్చే మాట కాంతాసమ్మితం. వేదం మొదటి కోవకు, పురాణేతిహాసాలు రెండో కోవకు, కావ్యం మూడో కోవకు చెందుతాయని వారి నిర్ణయం. ఈ విభాగం గ్రంథాల కోసం ఏర్పడినదే అయినా ఒక మనిషి తన జీవితకాలంలో ఇచ్చే సలహాలకు కూడా చక్కగా వర్తిస్తుంది. ఎందుకంటే నడివయసు దాకా ఆజ్ఞలా వినిపించిన మాట, జీవితం నాలుగు మొట్టికాయలు వేసిన తరువాత స్నేహితుడి మాటగా మారడం లోకంలో కనిపించేదే. అయితే ఆ మార్పుకు లిఖితపూర్వకమైన ఆధారం సాధారణంగా దొరకదు, ఎందుకంటే మాట మార్చుకున్నవారు పాత మాటను మరిచిపోతారు, లేదా మరిచినట్టు ఉంటారు. మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ ఆహారం గురించి, ఆరోగ్యం గురించి దాదాపు ముప్ఫై ఏళ్ల ఎడంతో రాసిన రెండు పుస్తకాలు, ఆ రెండింటి నడుమ వెలువడిన ఆయన ఆత్మకథ, ఈ మార్పును అచ్చులో చూపించే అరుదైన సాక్ష్యాలు.

సలహా ఇచ్చేవారి అర్హత గురించి తెలుగునాట ఉపన్యాసాల్లో తరచు వినిపించే ఒక కథ ఉంది. బెల్లం మానమని తన బిడ్డకు చెప్పమంటూ ఒక తల్లి సాధువు దగ్గరకు వెళితే, ఆయన కొన్నాళ్లు ఆగి రమ్మని, ఈలోగా తాను బెల్లం మానివేసి, ఆ తరువాతే బిడ్డకు చెప్పాడని ఆ కథ సారాంశం. ఒకరు దీన్ని రామకృష్ణ పరమహంసకు, మరొకరు గాంధీజీకి ఆపాదిస్తుంటారు. దీనికి ఆధారం కంటే ప్రచారమే ఎక్కువ. కథ ఎవరిదైనా, అది బోధించే సూత్రం ఒక్కటే: తాను ఆచరించిన తరువాతే ఇతరులకు చెప్పాలి. ఈ సూత్రం మంచిదే గాని చాలదు. గాంధీజీ విషయంలో ఇది స్పష్టంగా తేలుతుంది, ఎందుకంటే ఆయన ఆచరించకుండా చెప్పిన సలహా దాదాపు లేదు; అయినా ఆచరించి చెప్పిన సలహానే తరువాత వెనక్కు తీసుకోవలసి వచ్చింది. ఆచరణ వల్ల చెప్పేవారికి ధైర్యం వస్తుంది, మాటకు బరువు వస్తుంది. ఆ బరువే ఒక్కొక్కప్పుడు వినేవారి మీద మోయలేని భారంగా పడుతుంది.

మొదటి పుస్తకం దక్షిణాఫ్రికాలో పుట్టింది. 1913లో ఇండియన్ ఒపీనియన్ పత్రికలో గుజరాతీలో వరుసగా వచ్చిన ఆరోగ్య వ్యాసాలే తరువాత పుస్తకరూపం పొంది, ఇంగ్లీషులోకి, ఇతర భాషల్లోకి వెళ్లాయి. గాలి, నీరు, ఆహారం, వ్యాయామం, బట్టలు మొదలుకొని అంటురోగాల దాకా ఒక సామాన్య గృహస్థుకు తెలియవలసిన విషయాలన్నీ అందులో ఉన్నాయి. తన రచనలన్నింటిలోకీ ఎక్కువమంది చదివినది ఆ చిన్న పుస్తకమేనని ఆయనే తరువాత పేర్కొన్నారు. దాని వెనుక ఉన్న చదువు కూడా తక్కువది కాదు. లండన్‌లో విద్యార్థిగా ఉన్నప్పుడే శాకాహార సంఘంలో చేరి ఆహారం మీద ప్రయోగాలు మొదలుపెట్టిన ఆయన, దక్షిణాఫ్రికా రోజుల్లో జర్మనీ ప్రకృతి చికిత్సకులైన లూయీ కూనే, అడాల్ఫ్ జుస్ట్ గ్రంథాలు చదివి, కూనే చెప్పిన కటిస్నానం, అంటే తొట్టెలో నడుము భాగం మాత్రం మునిగేలా కూర్చొని చేసే చన్నీటి స్నానం, జుస్ట్ చెప్పిన మట్టిపట్టీ తన ఒంటి మీదే పరీక్షించి చూసుకున్నారు.

పుస్తకం రాయకముందే ఈ నమ్మకానికి ఒక గట్టి పరీక్ష ఎదురైంది. 1902లో బొంబాయిలో ఉండగా పదేళ్ల కొడుకు మణిలాల్‌కు టైఫాయిడ్ వచ్చి, దానికి న్యుమోనియా తోడైంది. మందుల వల్ల పెద్దగా ఫలితం ఉండదని, గుడ్లు, కోడి రసం పెట్టాలని పార్సీ డాక్టరు చెబితే తండ్రి అంగీకరించలేదు. కటిస్నానాలు చేయించి, నీళ్లు కలిపిన నారింజ రసం మాత్రమే ఇచ్చి, జ్వరం నూట నాలుగు డిగ్రీల దగ్గర దిగకుండా నిలిచినప్పుడు తడిపి పిండిన దుప్పటిని పిల్లవాడి ఒంటికి చుట్టి, మనసు నిలవక చౌపాటీ వైపు కాసేపు నడిచి వచ్చేసరికి చెమటలు పట్టి జ్వరం దిగడం మొదలైంది. తరువాత నలభై రోజులు నీళ్లు కలిపిన పాలు, పండ్ల రసాలు. పిల్లవాడు కోలుకోవడం దైవకృప వల్లనో, జలచికిత్స వల్లనో, పథ్యం వల్లనో ఎవరు చెప్పగలరని గాంధీజీ తరువాత ఆత్మకథలో రాశారు. అయితే ఒక పసివాడి ప్రాణాన్ని తన సిద్ధాంతంతో ముడిపెట్టడం తండ్రికి ఎంతవరకు తగునన్న ప్రశ్న, పిల్లవాడు బతికినంత మాత్రాన తొలగిపోదు. ఆయనను ఎంత గౌరవించేవారైనా ఇక్కడ ఆగి ఆలోచించక తప్పదు. పరిస్థితి కలిసివచ్చిన ప్రతిసారీ సలహా ఇచ్చేవారికి తమ మాట మీద నమ్మకం రెట్టింపు అవుతుంది. 1913 నాటి పుస్తకంలో కనిపించే దృఢత్వానికి ఇలాంటి గెలుపులే పునాది.

ఆ పుస్తకంలో పాల గురించిన భాగం ముఖ్యమైనది. తల్లిపాలు మానిన తరువాత మనిషికి పాలు సహజాహారం కాదన్నది అందులోని వాదం. పాలు ఇంద్రియాలను రెచ్చగొడతాయన్న మాట ఆయన మొదట తన ఆధ్యాత్మిక మిత్రుడు రాయచంద్‌భాయి నోట విన్నారు. దానికి తోడు, ఆవుల నుంచి చివరి బొట్టు దాకా పాలు పిండడానికి కలకత్తాలో కొందరు చేసే ఫూకా అనే క్రూరమైన పద్ధతి గురించిన కరపత్రాలు ఆయన్ను కలచివేశాయి. 1912లో దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయ్ క్షేత్రంలో మిత్రుడు కాలెన్‌బాక్‌తో కలిసి పాలు మానివేసి పండ్లు, వేరుశనగలు, ఖర్జూరాలు, నిమ్మకాయలు, ఆలివ్ నూనెతో జీవించసాగారు. పోషకాహార శాస్త్రం అప్పటికి పసితనంలో ఉంది. విటమిన్ అన్న పేరే అదే 1912లో కాసిమిర్ ఫంక్ రాతల్లో పుట్టింది. అందువల్ల, ఒంటికి అనుకూలించిందన్న ఒక్క ఆధారం మీద నిలిచిన సలహాను కాదనగల శాస్త్రం నాడు సామాన్య పాఠకుడికి అందుబాటులో లేదు. వేలమంది చదివారు, కొందరు పాలు మానివేశారు.

సలహాకూ ఆచరణకూ ఉన్న సంబంధం ఇంట్లో ఎలా పరీక్షకు నిలిచిందో మరో సందర్భం చెబుతుంది. శస్త్రచికిత్స తరువాత కూడా కస్తూర్బాకు రక్తస్రావం తిరగబెట్టినప్పుడు, ఉప్పు, పప్పు మానమని గాంధీజీ ఆమెకు చెప్పి, తన మాటకు మద్దతుగా గ్రంథాల్లోని అభిప్రాయాలు చదివి వినిపించారు. ఆమె వినలేదు, డాక్టరు మానమంటే మీరు మాత్రం మానగలరా అని ఎదురు ప్రశ్న వేశారు. ఆయన అక్కడికక్కడే ఏడాదిపాటు రెండూ మానివేస్తున్నట్టు ప్రకటించారు. తన నోటి మాట వల్ల భర్త అంత కఠినమైన నియమానికి కట్టుబడటం చూసి ఆమె కంగారుపడి, వెనక్కు తీసుకోమని బతిమాలి, ఆయన తీసుకోకపోవడంతో తానూ మానివేశారు, తరువాత కోలుకున్నారు. బెల్లం కథలోని సూత్రం ఇక్కడ అక్షరాలా అమలైంది. కాని ఇందులో మరో సంగతి కూడా ఉంది. గ్రంథాలు చదివి వినిపించినప్పుడు కదలని మనసు, ఎదుటివారు తమ కష్టంలో భాగం పంచుకోవడంతో కదిలింది. ప్రభుసమ్మితంగా మొదలైన మాట ఆ గదిలోనే మరో రూపం ధరించింది. అయితే ఆ రూపంలోనూ పట్టుదల పాలు తగ్గలేదని, భార్యకు అది ప్రేమగా తోచినంతగానే ఒత్తిడిగా కూడా తోచి ఉంటుందని ఒప్పుకోవాలి.

1914లో లండన్‌లో ప్లూరిసీ, అంటే ఊపిరితిత్తుల పొర వాపు వచ్చి మంచం పట్టినప్పుడు, పాలు తీసుకోమని గురుతుల్యుడైన గోఖలే ఎంత నచ్చజెప్పినా ఆయన పట్టు విడవలేదు. నాలుగేళ్ల తరువాత వచ్చిన జబ్బు వేరు. 1918లో ఖేడా జిల్లాలో సైన్యంలో చేరమని గ్రామాల వెంట తిరుగుతూ, వేరుశనగ ముద్ద, నిమ్మరసం ప్రధానాహారంగా గడుపుతున్న రోజుల్లో ఆయనకు జిగట విరేచనాలు పట్టుకున్నాయి. మొదట ఒక పూట తిండి మానితే సర్దుకుంటుందనుకున్నారు. లంఖణం పరమౌషధం అన్న మాట ఆయనకు కొత్తది కాదు. ఇంతలో పండుగ వచ్చింది. నేతికి బదులు నూనె వేసి గోధుమ నూకతో చేసిన తీపి వంటకం, ఒక గిన్నెడు పెసలు కస్తూర్బా ముందు పెట్టగా, కొంచెం రుచి చూద్దామనుకున్నవారు కడుపునిండా తిన్నారు. గంట తిరగకముందే నొప్పి మొదలైంది. ఆ సాయంత్రం నడియాద్ చేరేసరికి, రైల్వే స్టేషన్ నుంచి బసకు నడవవలసిన కొద్ది దూరమే ఎంతో దూరమైపోయింది. రోజుకు ముప్ఫై నలభైసార్లు విరేచనాలయ్యే స్థితి. మందు పుచ్చుకోలేదు, సూదిమందుకు ఒప్పుకోలేదు. అహ్మదాబాదులో మిల్లు యజమాని అంబాలాల్ సారాభాయి తన ఇంటికి తీసుకువెళ్లి కన్నబిడ్డకు చేసినట్టు సేవ చేయించారు. ఆఖరి గడియ దగ్గరపడిందని అనుకొని, అక్కడి నుంచి సబర్మతి ఆశ్రమానికి చేర్చమని గాంధీజీ కోరారు.

ప్రాణం నిలిచింది గాని శరీరానికి సత్తువ రాలేదు. మాథెరాన్‌లో గాలిమార్పు కూడా ఉపకరించలేదు; ఆసనంలో చీలికల వల్ల మలవిసర్జన నరకయాతనగా మారింది. బొంబాయిలో డాక్టర్ దలాల్ పరీక్షించి, పాలు తీసుకుంటే తప్ప ఈ శరీరాన్ని తిరిగి నిలబెట్టడం తన వల్ల కాదని తేల్చి చెప్పారు. పాలు ముట్టనన్న వ్రతం ఉందని రోగి జవాబు. ఆ వ్రతం ఎందుకు పట్టవలసి వచ్చిందని డాక్టరు అడగగా, ఫూకా గురించి, ఆవులూ గేదెలూ పడే బాధ గురించి రోగి వివరించారు. మంచం పక్కనే నిలబడి వింటున్న కస్తూర్బా, అలాగైతే మేకపాలకు అభ్యంతరం ఉండనక్కరలేదు కదా అన్నారు. డాక్టరు ఆ మాటను అందిపుచ్చుకొని, మేకపాలైనా చాలునన్నారు. గాంధీజీ లొంగిపోయారు. వ్రతం పట్టినప్పుడు తన మనసులో ఉన్నవి ఆవుపాలు, గేదెపాలే అయినా వ్రతం ఉద్దేశం అన్ని జంతువుల పాలకూ వర్తిస్తుందని, అక్షరం నిలుపుకొని ఆత్మను వదులుకున్నానని, రౌలట్ చట్టాల మీద సత్యాగ్రహం సాగించాలన్న కోరిక వల్ల బతకాలన్న ఆశ బలపడి తాను మెత్తబడ్డానని ఆత్మకథలో దాచకుండా రాశారు. ఉప్పు, పప్పుల నాడు సవాలు విసిరిన ఇల్లాలే ఈనాడు దారి చూపారు. గోఖలే అంతటి పెద్దమనిషి చేయలేని పనిని మంచం పక్కన నిలబడి, రోగి పట్టుదలను బాగా ఎరిగిన మనిషి పలికిన ఒక్క వాక్యం చేసింది. ఆలంకారికులు కాంతాసమ్మితం అన్నది ఇలాంటి మాటనే.

ఈ సంఘటనలో గాంధీజీ వ్రతభంగం గురించే సాధారణంగా చర్చ జరుగుతుంది. అంతకంటే విలువైనది, ఆయన తన పాఠకులకు చేసిన హెచ్చరిక. తన ఆరోగ్య పుస్తకం చదివి పాలు మానివేసినవారు, అది తమకు అన్నివిధాలా మేలు చేస్తున్నట్టు తెలిస్తే తప్ప, లేదా అనుభవజ్ఞులైన వైద్యులు చెబితే తప్ప, ఆ ప్రయోగం కొనసాగించవద్దని ఆత్మకథలో స్పష్టంగా కోరారు. జీర్ణశక్తి మందగించినవారికి, మంచం పట్టినవారికి పాలకు సాటివచ్చే తేలికైన, బలమైన ఆహారం తనకు కనిపించలేదని ఒప్పుకున్నారు. నలభై మూడేళ్ల వయసులో, క్షేత్రంలో శారీరక శ్రమ చేస్తూ, చుట్టూ తనలాంటి మిత్రులు ఉన్న రోజుల్లో తనకు సరిపడినది, జబ్బుపడి లేవలేని మనిషికి సరిపడదని ఆయన శరీరమే ఆయనకు చెప్పింది. అనుభవం వల్ల సలహాదారుకు కలిగే జ్ఞానం ప్రధానంగా ఇదే. తనకు ఏమి తెలిసిందో చెప్పడం సులువు. తనకు తెలిసినది ఏ వయసుకు, ఏ ఒంటికి, ఏ పరిస్థితికి చెల్లుతుందో, ఎక్కడితో ఆగుతుందో గుర్తించడం కష్టం. అనుభవం పెరిగినకొద్దీ మొదటిది పోగుపడుతుంది, రెండోది మాత్రం దెబ్బ తగిలినప్పుడే అబ్బుతుంది.

చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్న తెలుగు సామెత ఈ రెండో జ్ఞానం లేని స్థితిని చెబుతుంది. ఇంట్లో ఒకరికి షుగర్ వచ్చిందని తెలియగానే, పొద్దున్నే కాకరకాయ రసం తాగమని ఒకరు, మెంతులు నానబెట్టుకొని తినమని మరొకరు, అన్నం పూర్తిగా మానివేయమని ఇంకొకరు వరుసకట్టి చెబుతారు. ప్రతి ఒక్కరి వెనుకా దానివల్ల బాగుపడిన బంధువు ఒకరు ఉంటారు. వారి మాటలో కపటం ఉండదు, ప్రేమే ఉంటుంది. రోగి వయసు, వాడుతున్న మందులు, ఇంకేమైనా జబ్బులు ఉన్నాయా అన్న ప్రశ్న మాత్రం ఉండదు. అదే మనిషి తనకు షుగర్ వచ్చి, పథ్యం పట్టి, తప్పి, మళ్లీ పట్టిన తరువాత మరొక రోగి దగ్గర కూర్చున్నప్పుడు మొదట అడిగేది రాత్రి నిద్ర పడుతోందా అని, పాదాలు మంటలు పుడుతున్నాయా అని. చెప్పడానికి ముందు అడగడం వచ్చిందంటే సలహా లోతెక్కిందని అర్థం.

గాంధీజీ కూడా అడిగారు. పాలంత బలమిచ్చి, పాలంత తేలికగా అరిగే శాకాహారం ఏదైనా, పుస్తకాల్లో చదివినది కాక తమ అనుభవంలో తేలినది, ఎవరికైనా, వైద్యులకు గాని సామాన్యులకు గాని తెలిస్తే తనకు తెలియజేయమని ఆత్మకథలోనే పాఠకులను అభ్యర్థించారు. సలహాలు ఇచ్చే గ్రంథకర్త పాఠకుల ముందు చేయి చాచిన ఆ వాక్యానికి తెలుగుదేశంతో ఒక సంబంధం ఉంది. 1929 వేసవిలో ఖద్దరు నిధి కోసం ఆంధ్రదేశంలో పర్యటిస్తున్నప్పుడు, రాజమహేంద్రవరంలో ప్రకృతి చికిత్స సాగిస్తున్న సుందరం గోపాలరావు వండని ఆహారం గురించిన తన అనుభవాన్ని ఆయనకు వివరించారు. నానబెట్టి మొలకెత్తించిన ధాన్యాలు, పచ్చి కూరలు, కొబ్బరి, పండ్లు పొయ్యి మీద పెట్టకుండా తినే ఆ పద్ధతిలో పాల సమస్యకు పరిష్కారం దొరకవచ్చునన్న ఆశతో అరవై ఏళ్లకు చేరువైన గాంధీజీ ప్రయోగం మొదలుపెట్టారు. ఆశ్రమవాసులు కొందరు తోడయ్యారు. ఎవరి ఒంటికి పడుతోందో, ఎవరు నీరసపడుతున్నారో యంగ్ ఇండియా పత్రికలో ఎప్పటికప్పుడు రాశారు. కొద్ది నెలలకే తన ఆరోగ్యం చెడి మళ్లీ మేకపాలకు రావలసి వస్తే ఆ సంగతీ రాశారు. 1913 నాటి ధోరణిలో ఫలితం తేలకముందే సిద్ధాంతం వచ్చేది. 1929లో ప్రయోగాన్ని ప్రయోగంగానే, ఓటమిని ఓటమిగానే పాఠకుల ముందు పెట్టడం జరిగింది. రాజమండ్రి వైద్యుని మీద గాని ఆయన పద్ధతి మీద గాని నింద మోపలేదు.

రెండో పుస్తకం జైలులో పుట్టింది. 1942 ఆగస్టు 9న అరెస్టయి పూనాలోని ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉన్నప్పుడు, పాతికేళ్లు నీడలా వెన్నంటిన కార్యదర్శి మహాదేవ దేశాయి ఆగస్టు 15న కళ్లముందే కన్నుమూసిన కొద్ది రోజులకు, ఆరోగ్యం గురించి మళ్లీ రాయడం ప్రారంభించి డిసెంబరులో ముగించారు. పాత పుస్తకాన్ని సవరించి వదిలిపెట్టకుండా కొత్తగా రాశారు. ఇందులో పాల గురించి చెప్పినది సూటిగా ఉంటుంది: తాను ఎప్పుడూ శుద్ధ శాకాహారం వైపే ఉన్నా, ఆరోగ్యంగా ఉండాలంటే శాకాహారంలో పాలు, పెరుగు, నెయ్యి వంటివి తప్పవని అనుభవం నేర్పిందని, ఇది తన మొదటి అభిప్రాయం నుంచి గణనీయమైన మార్పు అని ఆయనే ప్రకటించారు. పుస్తకం చిన్నదైంది, ప్రకరణాలు తగ్గాయి, విధినిషేధాల పక్కన మినహాయింపులు చేరాయి. డెబ్భై మూడేళ్ల మనిషి ఇలా తగ్గించి రాయడం బలహీనత కాదు. ఎన్నో ఒళ్లు చూసి, ఎందరి జబ్బులో దగ్గరుండి సేవ చేసి, వాటిలో నిలిచిన మాటలే మిగుల్చుకోవడం.

ఇంతటి మార్పు వచ్చిన తరువాత కూడా ఆయన పట్టుదల పూర్తిగా సడలిందని అనలేము. 1944 ఫిబ్రవరిలో అదే భవనంలో కస్తూర్బా మరణశయ్య మీద ఉండగా, కొడుకు దేవదాస్ కలకత్తా నుంచి తెప్పించిన పెన్సిలిన్‌ను పదే పదే సూదులు గుచ్చుతూ ఎక్కించడం గాంధీజీకి ఇష్టం లేకపోయింది. చివరి గడియల్లో ఆమెను బాధపెట్టవద్దన్నది ఆయన భావన. ప్రయత్నించి చూడాలన్నది కొడుకు ఆరాటం. ఆమె ఫిబ్రవరి 22న మరణించారు. ఆనాటి ఆయన నిర్ణయంలో పాత సిద్ధాంతం ఎంత, భార్య బాధను చూడలేని వృద్ధుడి కరుణ ఎంత అని తూచడం ఎవరికీ సాధ్యం కాదు. ఒకసారి వంగిన మనసు ఇక ఎప్పటికీ వంగే ఉంటుందని భావించడం మాత్రం మనిషి స్వభావాన్ని సరిగా ఎరగకపోవడమే అవుతుంది.

ఆత్మకథలో ఆయన పాఠకులను అడిగిన ప్రశ్నకు జవాబు ప్రయోగశాలలో కొంతవరకు దొరికింది. పాలు, మాంసం, గుడ్లు వంటి జంతు సంబంధమైన ఆహారంలో ఉండి, మొక్కల నుంచి లభించని బి12 అనే విటమిన్‌ను శాస్త్రజ్ఞులు 1948లో విడదీశారు. రక్తం పట్టడానికి, నరాలు సరిగా పనిచేయడానికి అవసరమైన ఈ పదార్థం శరీరంలో కొన్నేళ్లపాటు నిల్వ ఉంటుంది కాబట్టి, పాలు మానినవారికి మొదట్లో ఏ లోటూ తెలియదు. గాంధీజీ 1918 నాటి జబ్బుకు ఇదే కారణమనడం తొందరపాటు. కాని పాలు లేని తొలి సంవత్సరాల్లో ఒంటికి బాగానే ఉందన్న అనుభవం మీద అందరికీ సలహా ఇవ్వడం ఎందుకు ప్రమాదకరమో ఈ ఒక్క సంగతి వివరిస్తుంది. ఇప్పుడు పాలు, నెయ్యి కూడా ముట్టని శాకాహారులు బి12 మాత్రలు వేసుకోవాలని వైద్యులు చెబుతున్నారు. ఆగాఖాన్ భవనంలో రాసిన పుస్తకం కూడా ఆ 1948లోనే, రచయిత మరణించిన ఏడాది, సుశీలా నయ్యర్ ఇంగ్లీషు అనువాదంతో నవజీవన్ సంస్థ ద్వారా వెలువడింది.